క్లౌడ్ నిర్మాణానికి ఏ సాధనం? ముందుగా చూడవలసినవి లైసెన్సు, స్టేట్ ఫైలు

క్లౌడ్‌లో ఒక సర్వరును, ఒక డేటాబేసును తెరపై బటన్లు నొక్కి ఏర్పాటు చేసుకోవడం కష్టమేమీ కాదు. ఆ పని చేసిన ఇంజినీరు ఉద్యోగం మారిన తర్వాత, అదే అమరికను మరొకచోట యథాతథంగా నిలబెట్టవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఏ పోర్టును ఎందుకు తెరిచారో, ఏ అనుమతిని ఎవరికి ఇచ్చారో ఎక్కడా రాసి ఉండదు. దీనికి పరిష్కారంగా వచ్చినదే ‘ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ కోడ్’. కావలసిన సర్వర్లు, నెట్‌వర్కులు, భద్రతా నియమాలను ఫైళ్లలో రాసి ఉంచితే, ఒక సాధనం వాటిని చదివి నిర్మాణం చేస్తుంది.

అమెజాన్ 2011లో క్లౌడ్‌ఫార్మేషన్‌ను, హాషికార్ప్ సంస్థ 2014లో టెర్రాఫామ్‌ను తీసుకువచ్చాయి. మొదటిది ప్రధానంగా అమెజాన్ క్లౌడ్ కోసమే రూపొందింది. రెండవది పలు క్లౌడ్‌లతో పనిచేస్తుంది. అయితే టెర్రాఫామ్‌లో రాసిన కోడ్ ఏ క్లౌడ్‌లోనైనా నడుస్తుందన్న నమ్మకం సగమే నిజం. భాష ఒక్కటే అయినా, అందులో పేర్కొనే వనరులు ఆయా సంస్థలవే. అమెజాన్ ముంబయి కేంద్రంలోని అమరికను, 2022లో ప్రారంభమైన హైదరాబాద్ కేంద్రంలో నిర్మించడానికి కోడ్‌లో మార్పులు సాధారణంగా తక్కువే. మైక్రోసాఫ్ట్ అజూర్‌కు మారాలంటే మాత్రం చాలావరకు తిరిగి రాయవలసిందే.

2023 ఆగస్టులో హాషికార్ప్ టెర్రాఫామ్‌కు ఉన్న మొజిల్లా పబ్లిక్ లైసెన్సును తొలగించి, బిజినెస్ సోర్స్ లైసెన్సును ప్రకటించింది. సొంత అవసరాలకు వాడుకునే సంస్థలకు అడ్డంకి లేదు. తనతో పోటీపడే ఉత్పత్తులలో వినియోగించడాన్నే అది నిషేధించింది. ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించినవారు పాత కోడ్ ఆధారంగా ఓపెన్‌టోఫును ప్రారంభించగా, సెప్టెంబరులో అది లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఐబీఎం 640 కోట్ల డాలర్ల విలువైన హాషికార్ప్ కొనుగోలును పూర్తిచేసింది. ఈ-గవర్నెన్స్ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని భారత ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. బిజినెస్ సోర్స్ లైసెన్సు ఓపెన్ సోర్స్ కోవలోకి రాదు కనుక, ప్రభుత్వ పనులు చేపట్టే సంస్థలు ఈ తేడాను ముందే గమనించాలి.

లైసెన్సు కన్నా తక్కువగా చర్చకు వచ్చేది, రోజువారీ పనిలో ఎక్కువ ముప్పు తెచ్చేది స్టేట్ ఫైలు. కోడ్‌లోని ఏ భాగం క్లౌడ్‌లోని ఏ వనరుకు చెందినదో టెర్రాఫామ్, ఓపెన్‌టోఫు ఇందులోనే నమోదు చేసుకుంటాయి. ఆ ఫైలు పోతే, ఇదివరకు కట్టినవాటిని సాధనం గుర్తించలేదు. అన్నింటినీ కొత్తగా కట్టబోతుంది. డేటాబేసు పాస్‌వర్డుల వంటివి అందులో ఎవరైనా చదవగలిగే రూపంలో ఉండవచ్చు. కాబట్టి దానిని కోడ్‌తోపాటు గిట్‌లో పెట్టరాదు. అనుమతి ఉన్నవారికే అందే ఉమ్మడి నిల్వలో ఉంచి, ఇద్దరు ఒకేసారి మార్చకుండా తాళం ఏర్పాటు చేయాలి. క్లౌడ్‌ఫార్మేషన్‌లో ఈ భారమంతా అమెజానే మోస్తుంది. ఒక్క క్లౌడ్‌తోనే ఉండదలచిన చిన్న బృందానికి ఇది తక్కువ లాభమేమీ కాదు. పైథాన్, టైప్‌స్క్రిప్ట్ వంటి భాషలలోనే రాయదలచినవారికి పులుమీ ఉంది.

టెర్రాఫామ్, ఓపెన్‌టోఫుల మధ్య దూరం క్రమంగా పెరుగుతోంది. స్టేట్ ఫైలును సంకేతరూపంలో భద్రపరచే సౌకర్యాన్ని ఓపెన్‌టోఫు 2024లో తెచ్చింది. అలా భద్రపరచిన ఫైలును టెర్రాఫామ్ చదవలేదు. మారదలచిన బృందం ముందుగా స్టేట్ ఫైలుకు నకలు తీసుకుని, కొత్త సాధనంతో ‘ప్లాన్’ ఆదేశాన్ని నడిపి, మార్పులేమీ లేవన్న సమాధానం వచ్చిన తర్వాతే తదుపరి అడుగు వేయాలి.