నమ్మకమే వర్తకుని మూలధనము

వర్తకము చేయువారు లోకమున పెక్కుమంది కలరు. వారిలో ధనము కూడబెట్టినవారును కలరు. అయినను వర్తకనాయకులని జనులు గౌరవముతో చెప్పుకొనువారు మాత్రము బహు కొద్దిమంది. ధనమొక్కటియే నాయకత్వమును తెచ్చునదైనచో ధనికులందరును నాయకులే కావలసియుండెను, అట్లు కాలేదు. వర్తకుడు కార్యదక్షుడగుటకు కావలసిన గుణములేవి? జనులతనిని నమ్ముటకు కారణమేమి? ఈ రెండు ప్రశ్నలును విద్యార్థులు ఆలోచింపదగినవి. నేడు ఈ పాఠశాలలో చదువుచున్న మీలో కొందరు రేపు అంగడి పెట్టుదురు. కొందరు గుమ్మిడిపూండి కర్మాగారములలో పనిచేయుదురు. ఎవరేపని చేసినను, ఎవరినో ఒకరిని నమ్మి ధనమునో శ్రమనో అప్పగింపక తప్పదు.

మన జిల్లాలో అమ్మయ్యార్‌కుప్పము, పొదటూరుపేట మొదలగు చోట్ల నేతపని పలువురకు జీవనాధారము. ఆ పనిని కొంచెము పరిశీలించినచో మన ప్రశ్నకు సగము సమాధానము దొరకును. షావుకారు నూలు తూచి ఇచ్చును. నేతగాడు పడుగు సాగదీసి, పేక చుట్టి, దినములకొలది మగ్గమునందు కూర్చుండి గుడ్డ నేసి తెచ్చును. షావుకారు దానిని కొలిచి, చూచి, మజూరి ఇచ్చును. ఆ గుడ్డ సంతకో అంగడికో చేరును. నూలు తూకములో తగ్గినచో నేతగాడు నష్టపడును. నూలు మిగుల్చుకొని పలుచగా నేసినచో షావుకారు నష్టపడును. రంగు వెలిసినచో కొన్నవారు నష్టపడుదురు. ఇన్ని చేతులు మారు సరకునకు ప్రతిచోటను ఒకరిపై నొకరికి నమ్మకముండవలయును. అయితే ఆ నమ్మకమును నిలుపునది తీపిమాట కాదు. త్రాసును, కొలబద్దయు నిలుపుచున్నవి. ఈ మాటను జ్ఞప్తియందుంచుకొని, తెలుగువారిలో వర్తకమువలన పేరొందిన కొందరి చరిత్రలను చూతము.

పిట్టి త్యాగరాయశెట్టిగారు 1852లో జన్మించిరి. వారిది తెలుగు దేవాంగ కుటుంబము. దేవాంగులకు నేత కులవృత్తి. వారు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టభద్రునకు సర్కారు కొలువు దొరకుట కష్టము కాదు. త్యాగరాయశెట్టిగారు మాత్రము వర్తకమునే చేపట్టి, సుమారు నూరు మగ్గములతో నేతశాలను నడపిరి. పనివాని కష్టమును, సరకు గుణమును స్వయముగా ఎరిగిన యజమానిని ఎవ్వరును సులభముగా మోసగింపలేరు. అతడును పనివానిని మోసగించుటకు సిగ్గుపడును. పని తెలిసియుండుటయే కార్యదక్షతకు మొదటిమెట్టు. మగ్గమును చూడనివాడు మగ్గములపై పెత్తనము చేసినచో, ఏ గుడ్డకు ఎన్ని దినములు పట్టునో తెలియక, సాధ్యము కాని గడువు పెట్టును. గడువు తప్పినప్పుడు పనివానిని నిందించును.

దక్షిణభారత వర్తకసంఘము 1909లో ఏర్పడినప్పుడు దానిని స్థాపించినవారిలో త్యాగరాయశెట్టిగారొకరు. 1882 మొదలుకొని సుమారు నలువది సంవత్సరములు వారు మదరాసు నగరపాలక సంఘమునందు సభ్యులుగా నుండిరి. 1920లో వారి అధ్యక్షతన ఆ సంఘము చేసిన యొక తీర్మానము విద్యార్థులందరును తెలిసికొనదగినది. థౌజండ్ లైట్స్ ప్రాంతములోని నగరపాలక పాఠశాల పిల్లలకు మధ్యాహ్నము ఉపాహారము పెట్టుటకు ఆ సంఘము సమ్మతించెను. బీదపిల్లలు ఆకలిచే బడికి రాకుండుట చూచి చేసిన యేర్పాటిది. పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించి వ్యయము కారాదని నియమము పెట్టిరి. ఇందు దయయు కలదు, లెక్కయు కలదు. లెక్క లేని దయ కొన్నాళ్లకు ఆగిపోవును. దయ లేని లెక్క ఎవ్వరి ఆకలియు తీర్పదు. నేడు తమిళనాడు పాఠశాలలలో జరుగు మధ్యాహ్న భోజనపు చరిత్రను చెప్పువారు ఈ 1920వ సంవత్సరమును తప్పక పేర్కొందురు.

అదే యేడు ఎన్నికలలో త్యాగరాయశెట్టిగారి జస్టిస్ పక్షము గెలిచెను. ముఖ్యమంత్రి పదవి వారికి రాగా, వారు దానిని స్వీకరింపలేదు; సుబ్బరాయలు రెడ్డియార్ ఆ పదవి నలంకరించిరి. చేతికందిన అధికారమును వేరొకరికి విడిచిపెట్టగలవానిమాటకు విలువ హెచ్చును. త్యాగరాయశెట్టిగారు 1925లో దివంగతులైరి. చెన్నపట్టణమునందలి త్యాగరాయనగరము వారి పేరనే వెలసినది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్ర మరియొక గుణమును బోధించును. వారు 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. 1893లో బొంబాయినగరమున అమృతాంజనమను నొప్పి మందును తయారుచేసి విక్రయింప మొదలిడిరి. క్రొత్త మందును ఎవరు కొందురు? పేరు తెలియని వర్తకుని మాట ఎవరు నమ్ముదురు? పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. రాచుకొని చూచినవారికి గుణము కనబడెను, కనబడినపిమ్మట కొనిరి. తన సరకును పరీక్షించుకొను అవకాశమును కొనువానికి ముందుగా ఇచ్చుటయే ఇందలి నీతి. గుణము లేని సరకునకు ఈ యుపాయము పనికిరాదు. అది వర్తకుని గుట్టును త్వరగా బయటపెట్టును.

మందువలన వచ్చిన లాభమును పంతులుగారు పెట్టెలో దాచిపెట్టలేదు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మదరాసునుండి దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పిరి. తెలుగుదేశమునకు వెలుపలనుండియే తెలుగు చదువరులకు ఇంత సేవ జరిగినదని, తమిళదేశమున తెలుగు చదువుచున్న మనము విశేషముగా గుర్తింపవలయును. జనులు కొన్న సీసా సొమ్ము తిరిగి జనులకే పత్రికగాను, గ్రంథముగాను చేరెను. పంతులుగారు 1938లో పరమపదించిరి. వారు తయారుచేసిన మందు నేటికిని అంగళ్లలో దొరకుచున్నది.

ఇక పేరుప్రతిష్ఠలను మాత్రమే చూచి నమ్మినచో ఏమగునో చూతము. మదరాసులో ఆర్బత్‌నట్ కంపెనీ యను ఇంగ్లీషువారి వర్తకసంస్థ యుండెడిది. దాని పేరు విన్నంతనే జనులు తలయొగ్గెడివారు. ఉద్యోగులు, విధవలు, చిన్న వర్తకులు, ఎందరో తమ సొమ్మును అందు దాచుకొనిరి. అయితే ఆ సొమ్ము ఏమగుచున్నదో వారిలో ఎవ్వరికిని తెలియదు. లండనులోని భాగస్వామి దానిని సాహసవ్యాపారములలో పోగొట్టెను. 1906 అక్టోబరు 22వ తేదీన కంపెనీ తలుపులు మూయబడెను. దాని యజమాని సర్ జార్జి ఆర్బత్‌నట్‌నకు న్యాయస్థానము కఠినశిక్ష విధించెను. కాని శిక్షవలన వృద్ధుల కూడబెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. పెద్ద భవనము, దొరతనము, పూర్వపు కీర్తి, ఇవి యేవియు లెక్కల పుస్తకమునకు బదులు కానేరవు.

ఆ దెబ్బ తగిలినపిమ్మట మదరాసు పెద్దలు స్వదేశీయుల చేతిలో నడచు బ్యాంకు కావలెనని పూనుకొనిరి. 1907లో ఇండియన్ బ్యాంకు ఆరంభమయ్యెను. పదునారేండ్లకు, 1923 నవంబరులో, వైద్యవృత్తిలో నుండిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. చెల్లించిన మూలధనము ఒక లక్ష రూపాయలు మాత్రమే. ఒక్క ధనికుని చేతిసొమ్ముతో కాక పలువురి వాటాలతో ఏర్పడిన సంస్థయందు ప్రతి వాటాదారునకును లెక్క అడుగు హక్కుండును. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. స్థాపకుడు గతించిన పిమ్మటను సంస్థ నిలువవలెనన్నచో, నమ్మకము ఒక మనిషిమీదనే కాక నియమములమీదను ఆధారపడియుండవలయును.

ఇవన్నియు పెద్దవారి విషయములు, మనకేమి యని తలపరాదు. మన వీధులలో చీటీలు నడచును. ఇరువదిమంది నెలకు వేయి రూపాయల చొప్పున వేసినచో ఇరువదివేలగును. అవసరము గలవాడు వేలపాటలో నాలుగువేలు తగ్గించుకొని పదునారువేలు పుచ్చుకొనుననుకొందము. ఆ నాలుగువేలలో నిర్వాహకునకు చెందు కమీషను 1982 చట్టము ప్రకారము నూటికి ఐదుకు మించరాదు. 2019 సవరణతో ఆ పరిమితి ఏడాయెను. ఏడు చొప్పున తీసినను పదునాలుగువందలు పోగా, మిగిలిన ఇరువదియారువందలు ఇరువదిమందికి తలకు నూటముప్పది రూపాయలుగా పంచవలయును. ఈ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగలడు. చీటీ ప్రభుత్వమువద్ద రిజిస్టరు అయినదా? నిర్వాహకుడు తగిన హామీ కట్టినాడా? పాట జరిగిన ప్రతిసారియు వివరము వ్రాసి సంతకములు చేయించుచున్నాడా? ఈ మూడు ప్రశ్నలు మీ యింటివారి తరపున మీరు అడుగవచ్చును. మంచి నిర్వాహకుడు ఈ ప్రశ్నలకు సంతోషముతో పుస్తకము చూపును. “నామీద నమ్మకము లేదా?” యని కోపించువానివద్ద రూపాయి వేయకుండుట మేలు.

కావున విద్యార్థులారా! కార్యదక్షత పని తెలియుటవలన కలుగును. నమ్మకమన్ననో, తన తూకమును, తన సరకును, తన లెక్కను ఇతరులు పరీక్షింపవచ్చునని ముందుకు వచ్చువానికి లభించును. ఈ గుణమును అలవరచుకొనుటకు అంగడి పెట్టువరకు వేచియుండనక్కరలేదు. తరగతి విహారయాత్రకు చందా వసూలు చేయు బాలుడు ఎవరెంత ఇచ్చిరో, దేనికెంత వ్యయమాయెనో ఒక కాగితముపై వ్రాసి, మిగిలిన చిల్లరతోసహా గోడమీద అంటించి చూపినచో, అతడు వర్తకనాయకత్వమునందలి మొదటి పాఠమును నేర్చినవాడగును.