ప్రవాసాంధ్ర సంఘములు - విజ్ఞానసర్వస్వమున వాని స్థానము

విజ్ఞానసర్వస్వమున దేనిని చేర్పవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, 1923లో పరమపదించునాటికి అకారమును దాటలేకపోయిరి. అనంతరము తెలుగు భాషా సమితి విషయానుక్రమమున సంపుటములను వెలువరించినది. క్రమమేదైనను వ్యాసార్హత యను చిక్కు సంపాదకులకు తప్పలేదు. ప్రవాస భారతీయుల సాంస్కృతిక సంఘమునకు ప్రత్యేక వ్యాసము తగునా యనునది అట్టి చిక్కులలో నొకటి. ఫిజీ దీవులలోని దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును ఉదాహరణముగా గొని దీనిని పరిశీలింతుము.

ఉగాదికి పంచాంగ శ్రవణము, సంక్రాంతికి నాటక ప్రదర్శనము, ఏటేట నొక సంచిక: ఇంతమాత్రముచే నేసంఘమును వ్యాసార్హము కాజాలదు. తన సంచికలో తన్ను గూర్చి తాను వ్రాసికొన్నది ప్రమాణము కాదు. కావున మూడు లక్షణములను మేము కోరుచున్నాము. సంఘము చిరకాలము నిలిచి యుండవలెను. దాని కృషి సభ్యుల పరిధిని దాటి ఫలింపవలెను. ఆ ఫలమునకు బయటి సాక్ష్యము ఉండవలెను.

1879 మొదలు 1916 వరకు సుమారు 60,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఫిజీకి కొనిపోబడిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవున నోడ నెక్కినవారు సుమారు 15,000 మంది. వీరిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్టణ మండలములవారును గలరు. మిగిలిన ఒప్పందములు 1920 జనవరి 1న రద్దయినవి. 1926లో నాందీ పట్టణమున సాధు కుప్పుస్వామి నాయకత్వమున దక్షిణాదివారికందరకు నొక సంఘము ఏర్పడినది. అందు తమిళమునకే ప్రాధాన్యమున్నదని తలచిన తెలుగువారు 1941లో ఆంధ్ర సంఘమును వేరుగా స్థాపించుకొనిరి, పాఠశాలలను నెలకొల్పిరి.

మొదటి రెండు లక్షణములును ఇచట స్పష్టములు. చిక్కంతయు మూడవ దానియందే కలదు. కూలీలలో పెక్కుమంది నిరక్షరాస్యులు. గ్రంథములను, పత్రికలను విడిచిపోయినవారు కారు. వారి పేరు, గ్రామము, తాలూకా, జిల్లా పేర్కొన్న వలస పత్రములు నేటికిని ఉన్నవి. కాని యవి వ్యక్తులకు సాక్ష్యములే గాని సంఘమునకు కావు. అచ్చుపుస్తకమే సాక్ష్యమని పట్టుపట్టితిమా, ధనికులైన విద్యావంతుల సంఘములు సర్వస్వమున చేరును. చెరకుతోటల కూలీలు నిలుపుకొన్నది జారిపోవును. సంఘము పేర నడచిన బడి దాని సభ్యులు వ్రాసికొన్న ప్రశంస కాదు. అది విద్యాశాఖ లెక్కలకెక్కిన కార్యము. కావున బడియే యిచట సాక్ష్యమని మా యభిప్రాయము.

కనుక ఈ సంఘమునకు ప్రత్యేక వ్యాసము తగును. అయితే అది స్తోత్రము కారాదు. ఫిజీలోని భారతీయ గృహములలో నేడు ఫిజీ హిందీయే వాడుక భాష; పెక్కు తెలుగు కుటుంబములును అందులకు వేరు కావు. సంఘ స్థాపనమును చెప్పిన వ్యాసమే ఈ భాషాక్షయమును గూడ చెప్పవలెను. మూడు లక్షణములును లేని సంఘములను ఆయా దేశముల ఆంధ్రులను గూర్చిన సామాన్య వ్యాసమున ఒకటి రెండు వాక్యములతో పేర్కొనిన చాలును. వ్యాసార్హత గౌరవ బిరుదము కాదు. రేపటి పాఠకుడు వెదకివచ్చినప్పుడు అతనికి నమ్మదగిన సమాధానము దొరకవలెననుటయే దాని పరమార్థము.