వచ్చేదెవరు, పోయేదెవరు?

ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లు క్లబ్ మారడానికి ఏటా రెండు గడువులుంటాయి. ‘ట్రాన్స్‌ఫర్ విండో’ అని పిలిచే ఆ రోజుల్లో మైదానంలో ఆట లేకపోయినా, ఎవరు వస్తారు, ఎవరు పోతారన్న వాదన అభిమానుల మధ్య ఆగదు. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. 1950ల చివరి నుంచే ఇక్కడి ఆటగాళ్ల కోసం కలకత్తా క్లబ్‌లు పోటీపడేవి. సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌లో చేరగా, తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. ప్రత్యర్థి క్లబ్ ఎగరేసుకుపోతుందన్న భయంతో, సంతకాలు పూర్తయ్యేదాకా ఆటగాళ్లను రహస్యంగా దాచిపెట్టిన కాలమది. అప్పటి పుకార్లకు ఆ మాత్రం ఆధారమైనా ఉండేది.

ఆ తర్వాత, 2019లో నగరంలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ ఏర్పడింది. 2021-22లో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన తర్వాత, ఆ సీజన్‌లో 18 గోల్స్ చేసిన నైజీరియా ఆటగాడు ఒగ్బెచే వంటి వారిని నిలుపుకోవడమే అసలు ప్రశ్నయింది. అయితే బకాయిలు చెల్లించనందుకు ఫిఫా, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్‌పై నిషేధం విధించడంతో వచ్చేవారి గురించి ఊహించే అవకాశమే లేకుండా పోయింది. 2024 జనవరిలో పేరున్న ఆటగాళ్లు పలువురు వెళ్లిపోయారు. 2025లో ఏకంగా క్లబ్బే ఢిల్లీకి తరలి, పేరు మార్చుకుంది.