సగటు చాటున సత్యము

తరగతి సగటు మార్కులు హెచ్చినంత మాత్రమున ప్రతి విద్యార్థియు ఉత్తీర్ణుడయ్యెనని చెప్పరాదు. వైద్య పరికరముల పరీక్షయు నిట్టిదే.

2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు, రక్తములోని ప్రాణవాయువును కొలుచు పల్స్ ఆక్సీమీటరు ఊరూర పరిచితమయ్యెను. 1970 దశకమున దీని మూలసూత్రమును కనుగొన్నవాడు జపాను ఇంజనీరు తకువో అవోయాగి. ఈ పరికరము వ్రేలిగుండ ఎఱ్ఱని కాంతిని, కంటికి కానరాని పరారుణ కాంతిని పంపును. ప్రాణవాయువు కొఱవడిన రక్తము ఎఱ్ఱని కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. ఆ భేదమునుబట్టి పరికరము అంకెను చూపును. కాని చర్మమునకు నలుపు నిచ్చు మెలనిన్ కూడ కాంతిని పీల్చుకొనును!

2020లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటింపబడెను. పరికరము 92 నుండి 96 శాతము వరకు చూపుచుండగా, ధమనినుండి తీసిన రక్తమున నిజమైన శాతము 88 కంటె తక్కువగా నుండుట కొందరియందు కనబడెను. ఇట్టి పొరపాటు నూరు కొలతలలో తెల్లవారియందు సుమారు 4, నల్లవారియందు సుమారు 12. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలో ఎండకు నల్లబడిన కూలీలకును ఇది పట్టని విషయము కాదు. అంకెను నమ్మి రోగిని ఇంటికి పంపినచో ప్రాణమునకే ముప్పు.

అయినను, కనబడిన ప్రతి భేదమును నమ్మరాదు. 1988లో వెలువడిన ఒక పరీక్షలో, గుండెపోటు వచ్చిన 17,187 మందిపై ఆస్పిరిన్ గుణమును పరిశీలించిరి. మొత్తముమీద అది మేలు చేసెను. రాసులవారీగా చీల్చి చూడగా, మిథున తులారాసులవారికి మాత్రము మేలు కలుగనట్లు తోచెను! గుంపులను చీల్చినకొలది కాకతాళీయముగా నిట్టి వింతలు పుట్టునని చూపుటకే పరిశోధకులు ఈ లెక్క వేసిరి.

మఱి నిజమైన భేదమును గుర్తించుటెట్లు? ఏ గుంపులను పోల్చవలయునో ముందే నిర్ణయింపవలయును. ప్రతి గుంపునను చాలినంత మంది యుండవలయును. భేదమునకు శరీరమున కారణము కనబడవలయును. మఱియొక పరీక్షలోను అదియే తేలవలయును. ఆక్సీమీటరు విషయమున కారణము తెలిసినదే. 2005లో జరిగిన పరిశీలనయు దానినే చూపెను. రాసుల భేదమునకు అట్టి ఆధార మేదియు లేదు.

2013 నాటి అమెరికా సూచనల ననుసరించి పదిమందిని పరీక్షించి, అందు ఇద్దరు నల్లని చర్మము గలవారైనచో చాలును. 2025లో ప్రతిపాదించిన సూచనలు వివిధ చర్మవర్ణముల వారిని 150 మందినైనను పరీక్షింపు మనుచున్నవి. ఎవరికొఱకు పరికరమో వారిపైననే దానిని పరీక్షించుట న్యాయము.