తాబేలు ఓర్పును నమ్ముకోవద్దు

తాబేలును పెంచడం తేలిక అనే పేరు దాని ఓర్పు వల్ల వచ్చింది. కుక్క ఒక పూట ముద్ద ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తాబేలు మాత్రం జబ్బు మొదలయ్యాక కూడా నెలల తరబడి ఈదుతూ, వేసింది తింటూ మామూలుగానే కనిపిస్తుంది. ఒంట్లో అన్నీ నిదానంగా సాగే ప్రాణి కనుక దానికి జబ్బూ నిదానంగానే ముదురుతుంది. కాబట్టి బతికుంది గదా అని బాగున్నట్టు లెక్క వేయకూడదు. సరిగా చూసుకుంటే 30 ఏళ్ల దాకా బతకగల జీవి రెండు మూడేళ్లకే పోయిందంటే, ఆ కాలమంతా అది కొద్దికొద్దిగా చస్తూ వచ్చిందనే అర్థం. నీళ్లు, ఎండ, తిండి - ఈ మూడింటిలో ఏది తక్కువైందో ముందే కనిపెడితే జగిత్యాలలోనైనా సిరిసిల్లలోనైనా దాన్ని కాపాడుకోవచ్చు.

మన దేశంలో ఎక్వేరియం దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. కళ్ల వెనుక ఎర్రటి చార ఉండే ఈ తాబేలు పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ లోయ. కొన్నప్పుడు పెద్ద నాణెమంత ఉంటుంది. ఆడదైతే పెరిగాక డిప్ప 25 సెంటీమీటర్లు దాటవచ్చు. అంగుళం డిప్పకు దాదాపు 40 లీటర్ల నీళ్లు ఉండాలని పెంపకందారుల లెక్క. ఆ లెక్కన ఎదిగిన తాబేలుకు 400 లీటర్ల తొట్టి కావాలి. అది తినేదీ విసర్జించేదీ ఆ నీళ్లలోనే. ఆ మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరులో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. నీళ్లు కొద్దిగా ఉండి ఫిల్టరు లేకపోతే కళ్లు మండుతాయి, డిప్ప మీద పుండ్లు పడతాయి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి. నల్లా నీళ్లను ఒక రోజు మూతలేని బకెట్లో నిలవ ఉంచి పోస్తే క్లోరిన్ పోతుంది. ఫిల్టరు స్పాంజిని నల్లా కింద కడిగితే మేలు చేసే ఆ బ్యాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఇంట్లోని సిమెంటు గోలెం కూడా పనికొస్తుంది. కొత్తదైతే మాత్రం నీళ్లు నింపి పారబోస్తూ సున్నం వదలగొట్టాకే తాబేలును దించాలి.

ఇక ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో తాబేలుకు ఎండ కరువంటే వింతగానే ఉంటుంది. కానీ డిప్ప గట్టిపడాలంటే కాల్షియం ఒంటికి పట్టాలి, అందుకు డి విటమిన్ కావాలి, అది తయారు కావాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని తాకాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. అందుకే అద్దం వెనుక ఎండలో ఉంచిన తాబేలుకూ డిప్ప మెత్తబడుతుంది. పొద్దుటి లేత ఎండలో అరగంట, పూర్తిగా ఒళ్లు ఆరేలా ఎక్కి కూర్చునే రాయి, పక్కనే నీడ ఉంటే చాలు. నీడ లేకుండా డాబా మీద వదిలితే అదే ఎండ గంటలోపే ప్రాణం తీయగలదు. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. చలికాలం రాత్రుళ్లు నీళ్లు బాగా చల్లబడితే తాబేలు తిండి మానేస్తుంది, హీటరు కావాలి.

తిండి దగ్గర కూడా ఓర్పే మోసం చేస్తుంది. దుకాణంలో ఇచ్చే ఎండు రొయ్యల డబ్బాతో పిల్ల ఏడాది గడిపేస్తుంది, ఆ తర్వాత కళ్లు వాస్తాయి. అది ఎ విటమిన్ లోపం. చిన్నప్పుడు మాంసాహారం ఎక్కువ తినే ఈ తాబేలు పెద్దయ్యాక ఆకులు, నీటి మొక్కల వైపు మళ్లుతుంది. మన రైతులు పశువుల దాణాకు పెంచే అజొల్లా దీనికి మంచి మేత. మునగాకు, తురిమిన గుమ్మడి, క్యారెట్, అప్పుడప్పుడు ముల్లుతో సహా చిన్న చేప పెట్టవచ్చు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. అన్నం, బ్రెడ్డు, ఇడ్లీ అసలే వద్దు.

పల్లెటూరి చెరువులో తాబేలుకు ఇవన్నీ ఎవరు చూస్తున్నారని అడగవచ్చు. చెరువులో ఎండా నీడా, లోతూ గట్టూ, నాచూ చేపా అన్నీ ఉన్నాయి. తాబేలు తనకు కావలసిన చోటికి తానే వెళుతుంది. తొట్టిలో ఆ ఎంపిక మన చేతికి వచ్చింది, బాధ్యతా వచ్చింది. జబ్బు చేస్తే చూద్దాంలే అనడానికీ లేదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది గానీ, పల్లెల్లో పశువైద్యులకు రోజూ ఎదురయ్యేది గేదెలు, మేకలు, కోళ్లే. ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరగడం, ముక్కులో బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. అవి కనిపించిన రోజే తీసుకెళ్లి, తొట్టి ఎలా ఉంటుందో, ఏం పెడుతున్నారో వైద్యుడికి చెప్పాలి. మన ఒంటి సంగతీ చూసుకోవాలి. తాబేలు ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోయగలదు. పిల్లలకు సోకుతోందనే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, తొట్టి సామాన్లు వంటింటి సింకులో కడగకూడదు.

ఇంత ఖర్చెందుకు, మానేరు నదిలోంచే ఒకటి తెచ్చుకుందామంటే చట్టం ఒప్పుకోదు. మన చెరువుల్లో కనిపించే మెత్తని అంచు డిప్ప నీటి తాబేలు, మెట్టమీద తిరిగే నక్షత్ర తాబేలు రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పట్టినా ఇంట్లో ఉంచినా కనీసం మూడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. ఇంటికి తాబేలు కలిసొస్తుందన్న నమ్మకం దీనికి మినహాయింపు కాదు.

పెంచలేనప్పుడు చెరువులోనో కోనేట్లోనో వదిలితే పుణ్యమనే మాట మరీ ప్రమాదం. రెడ్ ఇయర్డ్ స్లైడర్ ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జీవుల జాబితాలో ఉంది. ఐరోపా సమాఖ్య 1997లోనే దాని దిగుమతిని ఆపింది. కేరళలోని త్రిసూర్ దగ్గర 2018లో ఇది కాలువలో దొరికింది. గువాహటిలో ఉగ్రతార ఆలయ కోనేట్లోనూ కనిపించింది. స్థానిక తాబేళ్ల తిండిని, ఎండ కాచుకునే చోట్లను లాక్కోవడానికి దీనికి సాయపడేది కూడా దేన్నైనా తట్టుకునే ఆ గుణమే. తొట్టిలో యజమానిని మోసగించే ఓర్పు, మధ్య మానేరు జలాశయంలోనో వేములవాడ గుడి కోనేరైన ధర్మగుండంలోనో పడితే ఊరి జీవులకు ముప్పవుతుంది. కనుక ఇప్పటికే ఇంట్లో ఉన్నదానికి పెద్ద తొట్టి, ఫిల్టరు, నేరుగా తగిలే ఎండ అమర్చి చివరిదాకా సాకాలి. 400 లీటర్ల తొట్టికి చోటు, 30 ఏళ్లకు సరిపడా ఓపిక లేని ఇల్లు ఆ నాణెమంత పిల్లను కొనకపోవడమే మేలు.