పెద్దబడి, చిన్నబడి: ఫైలు పేరుతో వచ్చే తంటా

మన తెలుగు అక్షరాలకు పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేదు. 'అ' ఎక్కడ రాసినా 'అ'నే. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా ఎందుకు నేర్చుకోవాలని విసుక్కున్నవాళ్లం మనలో చాలామందిమే. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉంటున్న మన హాస్టల్ పాత విద్యార్థులం కలిసినప్పుడల్లా ఈ బడుల మాటే వస్తుంది. కంప్యూటర్ కోర్సుల్లో చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని రాస్తున్నాం.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఒకే ప్రోగ్రాం మీద పదుల మంది పనిచేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలును మార్చారో రాసిపెట్టేదే వర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. వార్డెన్ గారి స్టాకు రిజిస్టరు లాంటిదనుకోండి. ఇప్పుడు ఎక్కువమంది వాడేది గిట్. లైనక్స్‌ను తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీన్ని మొదలుపెట్టారు.

లైనక్స్‌లో పెద్ద 'ఎస్'తో రాసిన 'స్టూడెంట్' ఒక ఫైలు, చిన్న 'ఎస్'తో రాసినది ఇంకొకటి. విండోస్‌లో, మామూలుగా మాక్‌లోనూ, రెండూ ఒకటే. లైనక్స్ కెర్నెల్‌లోనే బడి తప్ప వేరే తేడా లేని పేర్లతో ఫైళ్ల జతలు ఉన్నాయి. వాటిని విండోస్‌లోకి దించితే జతకు ఒక్కటే మిగులుతుంది. 2018 డిసెంబరులో వచ్చిన 2.20 వర్షన్ నుంచి గిట్ దీని గురించి హెచ్చరిస్తోంది.

గిట్‌లో 'కోర్ డాట్ ఇగ్నోర్‌కేస్' అనే సెట్టింగు ఉంది. ప్రాజెక్టును దించుకునేటప్పుడు గిట్టే డిస్కును పరీక్షించి దాన్ని పెట్టుకుంటుంది. అంటే అది మన ఇష్టం కాదు, డిస్కు స్వభావం. విండోస్‌లో దాన్ని బలవంతంగా మార్చితే ఒకే ఫైలు రిజిస్టరులో రెండు పేర్లతో ఎక్కే ప్రమాదం ఉంది. పైగా ఆ సెట్టింగు మన మిషన్‌లోనే ఉంటుంది, పక్కవాడికి చేరదు. విండోస్‌లో పేరు బడి మార్చి, కోడ్‌లోనూ కొత్త పేరు రాస్తే అక్కడ చక్కగా నడుస్తుంది. గిట్ మాత్రం పాత పేరే పట్టుకుని ఉంటుంది. లైనక్స్ సర్వర్‌కు వెళ్లాక 'ఫైలు లేదు' అంటుంది. నింద సాధారణంగా కొత్తగా చేరినవాళ్ల మీద పడుతుంది.

ఇది ఉత్త చాదస్తం కాదు. గిట్ తన లెక్కలు దాచుకునే ఫోల్డరు పేరు మొత్తం చిన్నబడిలో ఉంటుంది. ఆ పేరునే పెద్ద 'జీ'తో రాసి పంపితే విండోస్, మాక్ మిషన్లలో అది అసలు ఫోల్డరులోకే చొరబడేది. ఆ దారిన పరాయివాళ్లు మన మిషన్‌లో ఆదేశాలు నడపగలిగేవారు. 2014 డిసెంబరులో దాన్ని సరిచేశారు.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు, టీంలో రాసిపెట్టిన కాగితమే మాకు పెద్దన్నయ్య. అందుకే ప్రాజెక్టు రీడ్‌మీలో రెండు ముక్కలు రాయండి: పేర్లన్నీ చిన్నబడిలోనే పెట్టాలని, ఆ సెట్టింగును ముట్టుకోవద్దని. బడి మార్చక తప్పకపోతే 'గిట్ ఎంవీ' ఆదేశంతో మార్చండి. ఫోల్డరు మొండికేస్తే ముందు వేరే పేరు పెట్టి, తర్వాత కావలసిన పేరుకు మార్చండి.