రెండు రోజుల్లో రామోజీ, వండర్‌లా: ముందు ఏది?

"అన్నా, ఫ్యామిలీతో హైదరాబాద్ వస్తున్నాం, రెండు రోజులే ఉన్నాయి. రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా రెండూ అవుతాయా?" అని చాలామంది అడుగుతున్నారు. అవుతాయి. కానీ ముందు ఏదన్నదే అసలు పాయింట్.

నేను ఈ విషయంలో దెబ్బతిన్నా. ఆఫీసులో స్ప్రింట్ ప్లాన్ చేసినట్టు గంటగంటకీ షీట్ రాసుకుని అమ్మానాన్నల్ని, ఎనిమిదేళ్ల మేనల్లుణ్ణి తీసుకెళ్లా. మొదటిరోజు వండర్‌లా. పెద్ద రైడ్ల దగ్గర ఎత్తు కొలుస్తారు కదా, వాడిది చాలలేదు. ఒకటే ఏడుపు. వాణ్ణి వెంటేసుకుని తిరిగింది అమ్మే. మర్నాడు రామోజీకి వెళ్లేసరికి మోకాళ్లు పట్టేసి బస్సు దిగలేకపోయింది. బాహుబలి సెట్ చూడాలని అడిగిందే ఆమె!

అందుకే పెద్దవాళ్లుంటే ముందు రామోజీ. 1996లో మొదలైన ఈ స్టూడియో దాదాపు 2,000 ఎకరాలు. లోపల వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు, కానీ దిగిన ప్రతిచోటా నడకే. ఓపిక ఉన్న పొద్దుటిపూటే మీవాళ్లు చూడాలనుకున్నది చూపించేయండి. షోలైతే కూర్చుని చూసేవే, తర్వాత చూడొచ్చు.

వండర్‌లా రెండోరోజు. రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్ పక్కనే. వాటర్ రైడ్లకి కాటన్ బట్టలు కుదరవు, నైలాన్‌వి ఇంటినుంచే తెచ్చుకోండి. పిల్లల ఎత్తు కూడా ఇంట్లోనే కొలిచి, ఏ రైడ్ ఎక్కొచ్చో ముందే చెప్పేయండి.

అమ్మకి బాహుబలి సెట్ ఇంకా బాకీ ఉన్నా. వచ్చే నెల వెళ్తున్నాం, ఈసారి షీట్ లేదు.